మేడ మీది కుండీ

కరివేపాకు కుండీలో టీ పిప్పి కలుపుతున్న దుర్గాంబ గరిటెకు, మట్టిలో పూడ్చిపెట్టిన పాలిథిన్ కవరొకటి తగిలింది; విప్పి చూస్తే, హైందవి కడుపులోకి పోవాల్సిన మాత్రలన్నీ అందులో ఉన్నాయి.

లేత పసుపు రంగు. కొన్ని నిండు బిళ్ళలు, కొన్ని సగానికి కోసినవి. గుప్పెడు పైనే ఉంటాయి.

పోల్చుకోవడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. వైద్యానికి వచ్చి ఆ ఇంట్లో ఉంటున్న మిగతా పిల్లలకు ఇంకా సూదిమందులే నడుస్తున్నాయి. పడుకోబోయే ముందు ఈ పసుపు బిళ్ళ మింగేది హైందవి ఒక్కతే. కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చేది దుర్గాంబే. ఆ బిళ్ళ మానేస్తే నెత్తురులోంచి పోయిన క్యాన్సర్ మళ్ళీ వచ్చి కూర్చుంటుందని డాక్టరమ్మ చెప్పగా ఆమె స్వయంగా విన్నది.

చుట్టూ చూసింది. మేడ మీద ఎవరూ లేరు. ఎదుటి భవనం మీద కోచింగ్ సెంటరు బోర్డు వెనక పావురాలు కదులుతున్నాయి. కింద అమీర్‌పేట సందులో టిఫిన్ బండివాడు స్టవ్ ముట్టించాడు. మట్టి ఈ పిల్లలకు పడదు. అందులోని బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని ఆసుపత్రివాళ్ళు చెప్పాక కుండీలన్నిటినీ పైకి చేర్చారు. పిల్లలెవరూ ఈ మెట్లెక్కరు. ఎక్కనివ్వరు.

అంటే, దీన్ని పాతిపెట్టింది పెద్దవాళ్ళే.



కవరు మళ్ళీ ముడేసింది. చీర కుచ్చెళ్ళ పక్కన బొడ్లో దోపుకుంది. గరిటె కడిగింది. కరివేపాకు రెబ్బలు తుంచుకుని, ఏమీ జరగనట్టు మెట్లు దిగింది.

ఏమీ జరగనట్టు ఉండటం ఆమెకు కొత్తకాదు. వంటతోపాటు నేర్చుకున్న విద్య అది.

తణుకు దగ్గరి పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో భర్త కామరాజు వెంట ఈ సందులోకి వచ్చింది. అప్పట్లో ఈ మేడ కుర్రాళ్ళ హాస్టలు. కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి ఊళ్ళ నుంచి దిగిన కుర్రాళ్ళు గదుల నిండా ఉండేవారు. కామరాజు వంటమాస్టరు, ఆమె సాయం. వచ్చిన వారంలోనే అతను చెప్పాడు: "మన పని పళ్ళెం దాకానే దుర్గా. పళ్ళెం దాటితే మనం ఏమీ చూడం." ఎవడు క్లాసుకని చెప్పి సినిమాకు పోతున్నాడో, ఎవడు దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నాడో ఆమెకు తెలిసేది. ఎవరికీ చెప్పేది కాదు. ఒకరోజు పప్పు తాలింపు పెడుతూ కామరాజు పొయ్యి ముందే గుండె పట్టుకుని కూలిపోయాడు. మూడో రోజు నుంచి గరిటె ఆమె పట్టుకుంది. పిల్లల్లేరు. వెనక్కి పోదామంటే అక్కడ ఎదురుచూసేవాళ్ళూ లేరు.

కరోనాలో హాస్టలు మూతపడింది. తర్వాత ఒక ట్రస్టు మేడను తీసుకుంది. జిల్లాల నుంచి పిల్లల్ని క్యాన్సర్ వైద్యానికి తెచ్చుకున్న కుటుంబాలు ఉండటానికి గదులు సిద్ధం చేసింది. ఇనుప మంచాలు, అల్మరాల తలుపుల మీద చినిగీ చినగని కోచింగ్ సెంటర్ల స్టిక్కర్లు, దుర్గాంబ - పాత హాస్టలు తాలూకు ఇవే మిగిలాయి.

అప్పటి నుంచి ఆమె వంట మారింది. పచ్చి కొత్తిమీర చల్లదు. పచ్చళ్ళు లేవు. నోళ్ళు పూసిన పిల్లల కోసం కారం మానేసింది, ఉప్పు కూడా నాలుక మీద వేసుకుని చూసి గానీ కలపదు. పళ్ళేలు మరిగే నీళ్ళల్లో ముంచి తీస్తుంది. దానిమ్మ తనే వలుస్తుంది, ఇంకొకరి చెయ్యి పడనివ్వదు. ఏదైనా కుటుంబం గది ఖాళీ చేసి వెళ్తుంటే ఎందుకని అడగదు. జబ్బు నయమై వెళ్ళేవాళ్ళూ, ఇంక చేసేదేం లేదని వెళ్ళేవాళ్ళూ ఒకే గుమ్మంలోంచి అవే సంచులతో దిగుతారు. "మళ్ళీ రండి" అని మాత్రం ఎవరితోనూ అనదు. ఆ ఇంట్లో ఆ మాట శాపనార్థంలా వినిపిస్తుంది. దుప్పటి తీసి వేణ్ణీళ్ళలో నానేస్తుంది, అంతే.

కిందటి నెలలో ఒక కుటుంబాన్ని ట్రస్టువాళ్ళే పంపేశారు. సూదిమందు మధ్యలో ఆపి పసరు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయారని తెలిసింది. వైద్యం సరిగ్గా చేయించనివాళ్ళకు ఇక్కడ గది ఇవ్వరు. ఎందుకంటే ఆసుపత్రి వరండాలో చాపలు పరుచుకుని గది కోసం చూస్తున్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ తల్లి స్టీలు బకెట్ చేత్తో పట్టుకుని, పిల్లాణ్ణి భుజానేసుకుని మెట్లు దిగుతుంటే దుర్గాంబ వంటింటి తలుపు చాటున నిలబడింది.

ఇప్పుడు బొడ్లో కవరు ఒరుసుకుంటుంటే ఆ బకెట్ మెట్లకు కొట్టుకున్న చప్పుడు మళ్ళీ వినిపించింది.

కింది మెట్ల మీద బుచ్చయ్య కూర్చుని మనవరాలి తల దువ్వుతున్నాడు. రోజూ ఇది ఆయన పని. చేర్యాల దగ్గరి పల్లెలో కౌలు వ్యవసాయం వదిలేసి, కోడలికీ మనవరాలికీ తోడుగా వచ్చిన మనిషి. కొడుకు రాఘవేందర్ ఊళ్ళో ట్రాక్టర్ నడుపుతూ ఆదివారాలు వచ్చి పోతుంటాడు. మొదటి సూదిమందులకు హైందవి జుట్టంతా రాలిపోయింది. ఇప్పుడు మళ్ళీ మొలిచి, చెవుల కిందికి దిగి, మెడ మీద చిన్న చిన్న రింగులు తిరిగింది.

"తాతా, గుంజకు!"

"గుంజుతలేను బిడ్డా. చిక్కు తీస్తున్న. జర నిమ్మళంగ కూసో."

దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్ని వేలికి చుట్టి, ఆయన చొక్కా జేబులో వేసుకున్నాడు. మెట్ల మీద వెంట్రుక కనిపిస్తే దుర్గాంబ ఊరుకోదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"అమ్మమ్మా, ఇయ్యాల సుత ఇడ్లీయేనా?" అంది హైందవి ఆమెను చూడగానే. "ఇడ్లీ తిని తిని నేనే ఇడ్లీ అయిత."

"అయితే ఇంకేం, సాంబార్లో ముంచేస్తాను."

"ముంచుకో. నీ సాంబార్ల కారమే ఉండదు. నాకేం గాదు."

బుచ్చయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. దుర్గాంబ కూడా నవ్వబోయింది. అప్పుడు కనిపించింది, గౌను కింద పిల్ల మోకాలి దగ్గర కమిలిన మచ్చ. నేరేడు పండు నలిపినట్టు నల్లగా ఉంది.

"ఎక్కడ కొట్టుకున్నావే?"

"ఏమో. యాడ తాకలే."

దుర్గాంబ పక్క మెట్టు మీద కూర్చుంది.  "రాత్రి బిళ్ళ వేసుకున్నావా తల్లీ?"

"ఏసుకున్న. నాలుక జూస్తవా?" అని పిల్ల నాలుక బారెడు చాపింది. "ముంగట మస్తు చేదుండె. ఇప్పుడు తియ్యగుంటున్నది. మందు మంచిగైంది."



తియ్యగా ఉంటోందట. అంటే పిల్ల దొంగతనంగా ఉమ్మెయ్యటం లేదు. ఎవరో అసలు బిళ్ళ తీసేసి, అదే రంగులో ఇంకేదో పెడుతున్నారు. ఒక పూట పొరపాటు కాదిది. ఎవరో ఆలోచించి, ఓపిగ్గా చేస్తున్న పని.

ఎవరు?

వంటింట్లో హైందవి తల్లి నవీన పాలు వేడి చేసుకుంటోంది. పంజాగుట్టలో చీరల దుకాణంలో పని ఆమెకు. ఈ రోజు హైందవికి నెత్తురు పరీక్ష కాబట్టి సెలవు పెట్టింది. మూడు పదులు దాటని మనిషి. కళ్ళ కింద మాత్రం ఎప్పటికీ పోని నలుపు. పోయిన వారం ఫోన్లో భర్తతో అన్న మాటలు దుర్గాంబ చెవిన పడ్డాయి. "నాతోని ఐతలేదు. ఎన్ని దినాలు గిట్ల? ఎట్లైతే అట్లైతది ఇగ." అప్పుడు అది అలసట అనుకుంది. ఇప్పుడు ఆ మాటలే వేరుగా వినిపిస్తున్నాయి.

"నవీనా, పిల్లకి బిళ్ళలు సరిగ్గానే వేస్తున్నావు కదమ్మా?"

నవీన చటుక్కున తిరిగింది. "ఏంది పెద్దమ్మా, గట్ల అడిగినవ్?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే అడిగే ముచ్చటనా అది? మామ కోసి బరిణెల పెడ్తడు, నేను నా చేత్తోని ఏస్త. నా బిడ్డకు నేను ఎయ్యనా?" ఆమె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "దుకాణంల పొద్దంత నిలవడొస్త. కాళ్ళు గుంజుతయి. అయిన ఒక్కనాడు మర్వలే."

పాలు పొంగాయి. దుర్గాంబ స్టవ్ కట్టేసింది.  నవీన పిల్లకు మాస్కు కట్టి, ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

పళ్ళేలు తోముతూ దుర్గాంబ ఆలోచించింది. ట్రస్టువాళ్ళకు చెప్తే సాయంత్రానికల్లా గది పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. మధ్యలో ఒక దారి కనిపించింది. రాత్రికి తనే దగ్గర నిలబడుతుంది. మందుల అట్ట నుంచి బిళ్ళ తన కళ్ళ ముందే తీయించి, తన కళ్ళ ముందే మింగిస్తుంది. రేపూ అంతే. ఎల్లుండీ అంతే. ఎవరు చేశారో తేల్చక్కర్లేదు. ఎవర్నీ వీధిలో పడెయ్యక్కర్లేదు. కవరు తీసుకెళ్ళి చెత్తబండిలో వేసేస్తే సరి.

ఆ దారి దొరికాక ఆమె చేతులకు వేగం వచ్చింది. దుప్పట్లు ఉతికి ఆరేసింది. పెసరపప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. చెత్తబండి విజిల్ వినిపించింది. ఎందుకో వెళ్ళలేకపోయింది. బండి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నవీన తిరిగొచ్చింది. గుమ్మంలోనే చెప్పుల మీద కూలబడింది.

"మందు ఒంటికి పడ్తలేదట పెద్దమ్మా. తెల్లకణాలు దిగాలెనట, దిగుతలేవట. మళ్ళ పెంచిండ్రు. పోయినసారి పెంచిండ్రు, ఇయ్యాల ఇంక పెంచిండ్రు. గింత చిన్న పానానికి గంత మందు!"

"పెంచితే మంచిదే కదమ్మా..."

"ఏం మంచిది? కొంతమంది పిల్లలకు ఒక్కపారే అన్ని కణాలు పడిపోతయట. జ్వరం వస్తె ఒక్క గంట సుత ఆగకుండ ఉరికి రమ్మన్నరు. ఇయ్యాల రాత్రి సంది కొత్త మోతాదు."

హైందవి నేల మీద కూర్చుని చెప్పుల పట్టీ విప్పుకోబోయింది. చేతకాక వదిలేసింది. రోజూ ఎగిరి దూకే పిల్ల గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

దుర్గాంబ చేతిలోని పళ్ళెం అంచు గోడకు తగిలి మోగింది.

డాక్టరమ్మ దేన్ని చూసి మందు పెంచుతోంది? పిల్ల మింగని మందును చూసి. ఒంట్లోకి పోతోందనుకుని, చాలటం లేదనుకుని, పెంచుకుంటూ పోతోంది. రాత్రికి తను దగ్గరుండి నిజంగా మింగిస్తే... ఇన్నాళ్ళుగా ఆ బిళ్ళ పడని ఒంట్లో ఆ పెద్ద మోతాదు ఒకేసారి పడుతుంది.

పొద్దుట్నుంచి తను పట్టుకు వేలాడుతున్న దారి అది. ఆ దారినే పోయి ఉంటే రాత్రికి తన చేత్తోనే నీళ్ళ గ్లాసు అందించేది.

ఆమె వంటింట్లోకి పోయి, తలుపు వేసుకుని, కాసేపు స్టవ్ గట్టు పట్టుకుని నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

గేటు దగ్గర బుచ్చయ్య ఎదురయ్యాడు. "యాడికి చెల్లె, గింత ఎండల?"

"కూరగాయలకి."

"నేను సుత రావాల్నా? సంచి మోస్త."

"వద్దులెండి బుచ్చయ్య గారూ. మీరు పిల్ల దగ్గరుండండి."

 పిల్ల దగ్గర ఎవరిని ఉండమంటోంది తను? ఎవరిని నమ్మి?

చేతిలో సంచి లేదని రోడ్డు మీదికి వచ్చాక గుర్తొచ్చింది.

ఆటో కోసం ఆగలేదు. ఆగితే వెనక్కి పోతానేమోనని భయం. మెట్రో స్తంభాల నీడలో గబగబా నడిచింది. జెరాక్స్ షాపులు, బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్ళ గుంపులు, బజ్జీల బండి, బంగారం కొట్లు ఏవీ కంటికి ఆనలేదు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా మార్కెట్ దాటి ఆమె ఒంటరిగా వెళ్ళింది తక్కువ. పంజాగుట్ట కూడలిలో రోడ్డు దాటడానికి రెండుసార్లు అడుగు ముందుకేసి రెండుసార్లు వెనక్కి లాక్కుంది. ఎవరో స్కూటరు అబ్బాయి "ఏం పెద్దమ్మా, జల్దీ పోవాల్నా పైకి?" అని అరిచి పోయాడు. మూడోసారి కాలేజీ అమ్మాయిల మధ్య దూరి దాటేసింది. చెయ్యి మాత్రం బొడ్డు దగ్గర్నుంచి తీయలేదు.

ఆసుపత్రిలో పిల్లల విభాగానికి కౌన్సిలర్ రాగసుధ. కొత్తగా జబ్బు బయటపడ్డ పిల్లల తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, ఏం జరగబోతోందో చెప్పడం ఆమె ఉద్యోగం. వారానికొకసారి ట్రస్టు ఇంటికి వచ్చి అందర్నీ పలకరిస్తుంది. విజయవాడ అమ్మాయి. దుర్గాంబ చేతి చారంటే ఇష్టం.

"ఏంటి దుర్గాంబ గారూ, మీరొచ్చారు? ఎవరికి బాగాలేదు?"

దుర్గాంబ కవరు తీసి బల్ల మీద పెట్టింది. మట్టి రాలింది.

రాగసుధ కవరు వంక చూసింది. ముడి విప్పింది.  "ఎవరివివి?"

"హైందవివి. మా కుండీలో దొరికాయి. పిల్లకి వేరే ఏదో తియ్యటి బిళ్ళ వేస్తున్నారమ్మా. ఎవరో నాకు తెలీదు. ఒట్టు, తెలీదు. పొద్దున్నే చెప్పాల్సింది. భయమేసింది."

రాగసుధ అప్పటికే ఫోన్ తీసింది. డాక్టరమ్మతో రెండు ముక్కలు, నవీనతో నాలుగు. "ఏ మందూ వెయ్యొద్దు. నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దు. పిల్లని తీసుకుని వెంటనే రండి. అవును, ఇప్పుడే. వచ్చాక చెప్తాను."

ఫోన్ పెట్టి, కళ్ళు గట్టిగా నులుముకుంది. "ఈ రాత్రి ఆ మోతాదు పడుంటే ఏమయ్యేదో నేను చెప్పను దుర్గాంబ గారూ. మీరూ అడక్కండి. ఇప్పుడు ఇంకొకటి చూడాలి. ఇన్నాళ్ళు మందు లేదు కాబట్టి, జబ్బు తిరగబెట్టిందేమో తెలియాలి. ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షకు పంపుతారు."

"మోకాలి దగ్గర కమిలిందమ్మా. పొద్దున చూశాను."

రాగసుధ ఆ మాట కాగితం మీద రాసుకుంది.

"వాళ్ళ గది తీసెయ్యొద్దని చెప్పండమ్మా. మీ మాట వింటారు."

"ముందు పిల్ల సంగతి చూద్దాం," అంది రాగసుధ. ఆ మాటలో ఔనూ లేదు, కాదూ లేదు.

వాళ్ళు వచ్చేసరికి ఎండ వాలింది. నవీన పిల్లను ఎత్తుకుని ఇంచుమించు పరిగెత్తుతూ వచ్చింది. వెనక బుచ్చయ్య, పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని. బల్ల మీద కవరు చూసి, పక్కన దుర్గాంబను చూసి నవీన ఆగిపోయింది. రాగసుధ చెప్పేదంతా నిలబడే విన్నది. వినడం అయ్యాక రాగసుధ వైపు కాదు, దుర్గాంబ వైపు తిరిగింది.

"నా ఎనకసీరి గింత కత చేస్తవా? పొద్దుగాల నన్ను అడిగినప్పుడు నీ నడుముల గిది ఉన్నదా?"

దుర్గాంబ తల వంచుకుంది.

"ఉన్నదా లేదా? నా మొకాన పారేసి అడుగరాదా? కూరల ఉప్పు సూసినట్టు నన్ను సూస్తవా, బిడ్డను సంపుకునే దాని లెక్క కొడ్తున్ననా నీకు?"

"నవీనా, అరవకండి. పిల్ల ఉంది," అంది రాగసుధ.

"నేనే ఏసిన మేడం! నా చేత్తోని ఏసిన! మామా, నువ్వన్న జెప్పు!"

బుచ్చయ్య చేతిలోని చెప్పుల్ని ఒకదానికొకటి ఆనించి, విడదీసి, మళ్ళీ ఆనించాడు.

"అమ్మా, ఎందుకు లొల్లి జేస్తున్నవ్?" అని హైందవి తల్లి భుజం మీద తల ఆనించింది. "నాకు నిద్రొస్తున్నది."

ఆ మాటతో నవీన పిల్ల వీపు నిమరసాగింది.

నర్సు వచ్చింది. లోపలికి ఒక్కరే రావాలంది. నవీన పిల్లతో లిఫ్టు ఎక్కింది. తలుపులు మూసుకుంటుంటే, తల్లి భుజం మీంచి హైందవి ఒక చెయ్యి పైకెత్తి ఊపింది. ఎవరికో తెలియదు. దుర్గాంబ, బుచ్చయ్య ఇద్దరూ చెయ్యెత్తారు. అప్పటికి తలుపులు మూసుకున్నాయి.

బయట మెట్ల మీద కూర్చున్నారిద్దరూ. ఫ్లైఓవర్ మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. కింద సిగ్నల్ దగ్గర హారన్లు ఆగడం లేదు. ఒక మెట్రో రైలు కిటికీల నిండా మనుషులతో వెళ్ళింది. దుర్గాంబ ఆ పక్కకు చూస్తూ కూర్చుంది. ఇంటి దగ్గర రాత్రి వంటకు బియ్యం కడగాలి. లేవాలనిపించలేదు. లోపల పిల్లను బోర్లా పడుకోబెట్టి ఉంటారు. నడుము దగ్గర తుడిచి, మత్తిచ్చి, లావాటి సూది...

బుచ్చయ్య నోట్లోంచి సన్నగా ఏదో చప్పుడు వస్తోంది. ఏడుపు కాదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నట్టు ఉంది. చలి లేదు.

జీవితంలో ఆమె ఎవరినీ నిలదీసి అడగలేదు. హాస్టల్లో అడగలేదు. ట్రస్టు ఇంట్లో అడగలేదు. పళ్ళెం దాటి ఎన్నడూ చూడలేదు. పొద్దుట్నుంచి అనుమానమంతా నవీన మీద, ఆదివారం వచ్చిపోయే రాఘవేందర్ మీద తిప్పుకుంటూ వచ్చింది గానీ, పక్కన కూర్చున్న ఈ మనిషి మీదికి పోనివ్వలేదు. పిల్లకు పడదని నోట్లో వక్క వేసుకోవడం కూడా మానేసిన మనిషి. పోనివ్వడానికి మనసు ఒప్పలేదు. ఇప్పుడు అడగకుండా లేస్తే ఇంటి దాకా నడవలేననిపించింది.

"ఆ తియ్యటి బిళ్ళ ఏంటి బుచ్చయ్య గారూ?"

 ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు.

"బలం గోలీలు చెల్లె. పిల్లలు సప్పరించేటియి. మందుల దుకాణంల గదే రంగుయి అడిగి తెచ్చిన. బరిణెల గవి పెట్టి ఇవి తీసిన. నవీనకు ఏం దెల్వదు. నా కొడుక్కు సుత తెల్వదు. నేనే.

"మా ఇంట్ల ఆడివిల్లైనా మొగపిల్లగాడైనా పుట్టెంట్రుకలు కొమురెల్లి మల్లన్నకు ఇయ్యాలె. గవి మనయి గావు, దేవునియి. మనం పెంచి అప్పజెప్పాలె, గంతే. దీని మూడో ఏట ఇద్దామంటె కరోనా అని గుడి బందువెట్టిరి. ఐదో ఏట ఇద్దామని చుట్టాలకు జెప్పినం. గా వారమే జ్వరమొచ్చె. గీడికి తెచ్చినం. సూదులేసిండ్రు. ఒకనాడు పొద్దుగాల లేసి చూస్తె తలకింది మెత్త మీద ఎంట్రుకలు కుప్పలు కుప్పలు. ఊడ్చేటామె వచ్చి చీపురుతోని ఊడ్చి చెత్తల వోసింది. నేను పక్కపొంటి నిలవడి చూసిన. దేవుని సొమ్ము చెత్తల వోతుంటె ఆగమ్మా అని సుత అనలే. అంటే నవ్వుతరనుకున్న.

"మళ్ళ మొలిచినయి. ఏడో ఏడు వడ్డది. గీ జాతరల తప్పకుండ ఇస్త తండ్రీ, నా బిడ్డను జూడు అని మొక్కిన. గంతల గీ గోలీలు షురువైనయి. ఒకనాడు దువ్వెనకు గిన్ని వచ్చినయి చెల్లె. నా పానం వోయినంత పనైంది. మళ్ళ పోతయి, మళ్ళ చెత్తలకే పోతయి, ఇగ దేవుడు ఊకోడు అనుకున్న. జాతర దాక ఆపుదాం, గుండు జేపిచ్చిన తెల్లారే మళ్ళ ఏద్దాం అనుకున్న. గంతే అనుకున్న. గోలీలు మోరీల పారేద్దామంటె చెయ్యి రాలే, మందు గదా. మట్టిల వెట్టిన.

"డాక్టరమ్మ పెంచుత అన్నప్పుడల్ల నాకు ఇంక భయమైంది. గంత మందు వడితే ఒక్కటి సుత మిగలదనుకున్న. కణాలు ఎక్కువున్నయంటే బలమొచ్చిందనుకున్న. సంబురపడ్డ చెల్లె. దువ్వుకుంట సంబురపడ్డ.

"గీడనే మంగలిని పిలిచి తీపిచ్చి, పసుపు బట్టల ముడుపు గట్టి నేను వట్టుకపోతె దేవుడు వద్దంటుండెనా? గిప్పుడు తోస్తుంది. గీ మెట్ల మీద కూసున్నంక తోస్తుంది. అడిగితే ఎవలన్న జెప్తుండిరి. గది ఖాళీ చెయ్యమంటరని ఎవలనడగలే. నువ్వు ఎట్ల భయపడ్డవో నేను సుత గట్లనే భయపడ్డ.

"లోపల గా సూది నా బిడ్డకు ఏస్తున్నరు గదా. నా వల్లనే గదా. నవీన నిన్ను తిట్టింది, నన్ను తిట్టాలె. నువ్వు జెప్పకు చెల్లె, నేనే జెప్త. అది బయటికి రాంగనే జెప్త. జర నా చెయ్యి వట్టి లేపు. కాళ్ళు లేస్తలెవ్వు."